వినుట, ఒల్లకుండుట: సౌలు కథయందలి విధేయతా విచారము

బైబిలు పాతనిబంధనలోని సమూయేలు మొదటి గ్రంథము ఇశ్రాయేలు జనులకు రాజరికము సంక్రమించిన విధమును చెప్పు గ్రంథము. తొలి రాజగు సౌలు వృత్తాంతము ఇందు 9వ అధ్యాయమున మొదలై 31వ అధ్యాయమున అతని మరణముతో ముగియుచున్నది. ఈ వృత్తాంతమునకు కీలకము 15వ అధ్యాయము. అమాలేకీయులను సమూలముగ నాశనము చేయుమను దైవాజ్ఞను సౌలు కొంత నెరవేర్చి కొంత విడిచిపెట్టుట, ప్రవక్తయగు సమూయేలు అతనిని నిలదీయుట, బలులకంటె ఆజ్ఞాపాలనమే మేలని పలికి అతని రాజ్యము చేజారినదని ప్రకటించుట, ఇదియే అందలి కథ.

అధికారమునకు లోబడుట ధర్మమనియు, ధిక్కారము వినాశమునకు దారి యనియు బోధింపదలచినవారు చిరకాలముగ సౌలు కథను దృష్టాంతముగ చూపుచు వచ్చిరి. 1547లో ఇంగ్లండు దేశమున దేవాలయములయందు చదువుటకై రాజప్రభుత్వము ప్రకటించిన ప్రసంగముల సంపుటమున రాజవిధేయతను గూర్చిన ప్రసంగ మొకటి కలదు. తన్ను చంపజూచిన సౌలు మీద దావీదు చేయి యెత్తకుండుట అందు చూపిన ఉదాహరణములలో ముఖ్యమైనది. 1569లో ఆ దేశపు ఉత్తరభాగమున తిరుగుబాటు చెలరేగిన పిమ్మట అవిధేయతను ఖండించుచు మరియొక దీర్ఘప్రసంగము వెలువడినది. అదే దేశమున 1649లో మిల్టను మహాకవి రాజుల అధికారమును గూర్చి వ్రాసిన లఘుగ్రంథమున అదే బైబిలును ఆధారముగ గొని, రాజు ప్రజలకు ఉత్తరవాది యని వాదించెను. ఒకే గ్రంథమునుండి ఇట్లు పరస్పరవిరుద్ధములైన రెండు సిద్ధాంతములు పుట్టినవనగా, అందు దేనినో ఒకదానిని ఎన్నుకొనుటకు ముందు గ్రంథము పదములను ఎట్లు వాడినదో చూచుట విమర్శకుని ప్రథమకర్తవ్యము.

కావున మేము ఈ కథను మతబోధగ గాక, పదముల కూర్పుచే అర్థమును సాధించు రచనగ పరిశీలింపదలచితిమి. మా వాదము సంగ్రహముగ ఇది. సౌలు కథ పాలితులకు లొంగుబాటును నేర్పుటకై నిర్మింపబడినది కాదు. పాలకుని చెవిని పరీక్షించుటకై నిర్మింపబడినది. ఇందు అవిధేయత యనగా ఒక స్వరమును విడిచి మరియొక స్వరమునకు చెవి యొగ్గుట. దాని ఫలము నిశ్శబ్దము. ఇక రాజు ఆడించినట్లు ఆడనొల్లని వారిని ఈ గ్రంథము నిందించినట్లు ఎక్కడను కానరాదు. ఈ మూడంశములను వరుసగ నిరూపించుటకు యత్నింతుము.

1. చెవికి సంబంధించిన ధర్మము

హీబ్రూ భాషలో విధేయతను చెప్పుటకు సాధారణముగ వాడు క్రియ ‘షామా’. దాని మూలార్థము వినుట. ‘కోల్’ అనగా స్వరము, ధ్వని. ఒకని ‘కోల్’ను వినుట యనగా వాని మాటకు కట్టుబడుట. చెవితో వినుటకును, మనస్సుతో అంగీకరించుటకును, చేతలో చూపుటకును ఆ భాష వేరు వేరు క్రియలను వెదకికొనలేదు.

తెలుగువారికి ఇది వింతగ తోపదు. ‘వాడు చెప్పిన మాట వినడు’ అన్నప్పుడు వానికి చెవుడని మనలో నెవరును అనుకొనరు. మాటను పెడచెవిని పెట్టుట, హితవు చెవికెక్కకుండుట, చెవిలో ఇల్లు కట్టుకొని పోరుట అను పలుకుబళ్లన్నియు విధేయతను చెవికే ముడివేయుచున్నవి. సంస్కృతమున ‘శుశ్రూష’ శబ్దమునకు ధాత్వర్థము వినగోరుట. అదియే సేవ యను అర్థమున స్థిరపడినది. అమరకోశము విధేయునకు చెప్పిన పర్యాయములలో ‘ఆశ్రవ’ శబ్దము కలదు. అదియు వినుట యను ధాతువునుండి పుట్టినదే. గ్రీకు భాషయందు విధేయతార్థకమైన ‘హుపకూఒ’ అను క్రియ వినుట కర్థమైన ‘అకూఒ’కు ఉపసర్గము చేరగ నేర్పడినది. లాటినుభాషయందలి ‘ఒబెదీరె’ శబ్దమునకును మూలము వినుటయే. ఇన్ని భాషలు ఏకముఖముగ సాక్ష్యమిచ్చుచుండగ, విధేయత మొదట చెవికి సంబంధించిన ధర్మమని చెప్పుట సాహసము కాదు.

సమూయేలు గ్రంథకర్త తన భాషలోని ఈ సౌలభ్యమును ఊరక విడువలేదు. ఒక పదమును కథ పొడవున మరల మరల పలికించి, ఆ ఆవృత్తిచేతనే అర్థమును సూచించుట హీబ్రూ కథకుల పద్ధతులలో నొకటి. జర్మను భాషలోనికి బైబిలును అనువదించిన మార్టిన్ బూబరు (1878–1965) ఇట్టి పదమును మార్గదర్శక పదముగ వ్యవహరించెను. సౌలు కథకు అట్టి పదము ‘వినుట’ అని మా నిశ్చయము.

2. సౌలునకు పూర్వము

గ్రంథారంభమున షిలోహు దేవాలయపు యాజకుడు ఏలీ వృద్ధుడై యున్నాడు. అతని కుమారులు దుర్మార్గులు. తండ్రి మందలించెను గాని వారు తండ్రి స్వరమును వినలేదు (2వ అధ్యాయము). మరుసటి అధ్యాయమున అదే ఆలయమున పరుండిన బాలుడు సమూయేలు రాత్రివేళ తన్ను ఎవరో పిలుచుట విని, ఏలీయే పిలిచెనని తలచి మూడు మారులు లేచి పరుగెత్తెను. తుదకు ఏలీ నేర్పగ, తాను వినుచున్నానని దైవమునకు బదులు పలికెను. యాజకుని కుమారులకు లేని చెవి యొక పరిచారక బాలునకు కలిగినదనుట ఇట కవి సూచన. అధికారము వంశమును బట్టి పోలేదు. వినగల చెవిని వెదకికొని పోయినది.

8వ అధ్యాయమున ప్రజలు రాజు కావలెనని కోరిరి. ఈ ఘట్టమున ‘వినుట’ విచిత్రముగ తిరుగుచున్నది. ప్రజల స్వరమును వినుమని దైవము సమూయేలును మూడు మారులు ఆదేశించును. రాజు కుమారులను సైన్యమునకును, కుమార్తెలను వంటశాలకును, పొలములను తన సేవకులకును తీసికొనునని సమూయేలు హెచ్చరించును. ప్రజలు సమూయేలు స్వరమును వినుటకు నిరాకరింతురు. వారు తమ రాజును గూర్చి మొఱపెట్టు దినము వచ్చుననియు, అప్పుడు దైవము బదులు పలుకడనియు ఆ హెచ్చరికయందే కలదు. ఈ ‘బదులు పలుకకుండుట’ను పాఠకులు గుర్తుంచుకొనవలెనని మా మనవి. 12వ అధ్యాయమున, స్వరమును వినవలెనను నియమము ప్రజలకును వారి రాజునకును సమానముగ విధింపబడినది. రాజు ఆజ్ఞ ఇచ్చువాడు మాత్రమే కాడు, ఆజ్ఞ వినవలసినవాడు కూడ. రాజరికమునకు ఈ గ్రంథము పెట్టిన తొలి షరతు ఇదియే.

3. 15వ అధ్యాయపు నడక

ఇక ప్రధానఘట్టమును పరిశీలింతము. అధ్యాయపు మొదటి మాటయే సౌలును వినుమని కోరుట. మాటల స్వరమును వినుమని సమూయేలు చెప్పుచున్నాడు. సౌలు 2,00,000 కాల్బలమును, యూదావారిని 10,000 మందిని కూర్చుకొని బయలుదేరెను. అమాలేకీయుల నడుమ నివసించు కేనీయులు పూర్వోపకారులు గనుక వారిని తొలగిపొమ్మని హెచ్చరించెను. యుద్ధమున గెలిచెను. కాని అమాలేకు రాజగు అగగును, గొఱ్ఱెలలోను ఎడ్లలోను మేలైనవానిని విడిచిపెట్టి, నీచమైనవానిని మాత్రము నాశనము చేసెను.

ఈ విడిచిపెట్టుటను కథకుడు చెప్పిన తీరు గమనింపదగినది. సౌలును జనులును అని ఇరువురను కర్తలుగ చెప్పుచు, క్రియను ఏకవచనమున నిలిపి సౌలును ముందుంచెను. తరువాత సమూయేలు ఎదుట సౌలు చెప్పు మాటలలో సర్వనామములు మారిపోవుచున్నవి. పశువులను తెచ్చినవారు ‘వారు’. మేలైనవానిని మిగిల్చినది ‘జనులు’. మిగిలినదానిని నాశనము చేసినది ‘మేము’. ఆజ్ఞ నెరవేరిన భాగమునకు ఉత్తమపురుష, నెరవేరని భాగమునకు ప్రథమపురుష! పైగా ఆ పశువులు ‘నీ దేవునికి’ బలి యిచ్చుటకట. ‘మన దేవునికి’ అనవలసినచోట ‘నీ దేవునికి’ అని మూడు మారులు పలికిన రాజు తనకు తెలియకయే తన దూరమును కొలిచి చూపుచున్నాడు. ఒక మనుష్యుని పతనమును ఉపమానములతో గాక సర్వనామములతో చిత్రించిన ఈ నేర్పును ఏ భాషా సాహిత్యమునందైనను శ్లాఘింపవలసినదే.

సౌలు ఎదురువచ్చి తాను ఆజ్ఞను నెరవేర్చితినని సంతోషముగ పలికినంతనే సమూయేలు ఒక ప్రశ్న వేసెను: ఐనచో తన చెవులలో పడుచున్న గొఱ్ఱెల ధ్వని యేమి, తాను వినుచున్న ఎడ్ల ధ్వని యేమి? హీబ్రూ మూలమున ఇట గొఱ్ఱెల ధ్వనికి వాడినది ‘కోల్’ శబ్దమే, సమూయేలు వినుట ‘షామా’యే. అధ్యాయపు మొదట దైవవాక్యముల ‘కోల్’ను వినుమన్న ప్రవక్త, ఇప్పుడు గొఱ్ఱెల ‘కోల్’ను వినుచున్నాడు. సాక్షులను పిలువ నక్కరలేకపోయినది. రాజు వినని స్వరమునకు బదులుగ మంద యరచినది. ఇందలి వ్యంగ్యము కటువైనదైనను ఒక్క అదనపు విశేషణమైనను లేక సాధింపబడినది.

తుదకు సౌలు తప్పు నొప్పుకొనెను. తాను జనులకు భయపడి వారి స్వరమును వింటినని చెప్పెను. ఇదియే ముడి విప్పు వాక్యము. అతనికి చెవి లేకపోలేదు, అతడు వినకపోలేదు, వేరొకరిని వినెను. ఐతే ఇట మరియొక సూక్ష్మము కలదు. ఈ అధ్యాయమున జనులు ఒక్క మాటయైనను పలికినట్లు కథకుడు చెప్పలేదు. వారు ఫలానిది కోరిరని గాని, రాజును ఒత్తిడి చేసిరని గాని ఎక్కడను లేదు. సౌలు వినిన ఆ జనుల స్వరము నిజముగ జనులదో, భయము అతని చెవిలో పుట్టించినదో నిశ్చయించుట కవకాశము లేదు. కథకుడు బుద్ధిపూర్వకముగనే ఈ సందేహమును మిగిల్చెనని మేము తలతుము.

జనుల స్వరమును వినుటయే దోషమా యని ఒక ఆక్షేపణము రావచ్చును. కాదు. 8వ అధ్యాయమున దానిని వినుమని దైవమే చెప్పినది. 14వ అధ్యాయమున జనులు చెప్పినదియే న్యాయము. ఆ సంగతి మునుముందు చూతము. దోషము జనులను వినుటలో లేదు, భయముచే వినుటలో కలదు. యుద్ధానంతరము కర్మెలులో తన పేరిట జయస్మారకమును నిలుపుకొన్నవాడును, తప్పు ఒప్పుకొన్న పిమ్మటకూడ పెద్దలయెదుట తన్ను గౌరవింపుమని సమూయేలును వేడినవాడును ఒక్కడే. అధికారము తనను చూచువారి కన్నులపై ఆధారపడినప్పుడు దాని చెవి చెడుననుట ఈ చిత్రణము యొక్క తాత్పర్యము.

4. తెలుగు అనువాదమున నిలిచినది, జారినది

ఈ పదశృంఖల మన తెలుగు బైబిలులో ఏమైనదో చూచుట తెలుగు శాఖకు చెందిన మాకు విధి. బహుకాలముగ ప్రచారములో నున్న అనువాదము మొదటి వాక్యమున ‘మాట వినుము’ అనియు, సౌలు ఒప్పుకోలున జనుల ‘మాట వినినందున’ అనియు ప్రయోగించినది. ‘వినుట’ ఇట్లు రెండు కొనలయందును చక్కగ నిలిచినది. మధ్యనున్న ప్రశ్నయందు గొఱ్ఱెలకు ‘అరుపులు’, ఎడ్లకు ‘రంకెలు’ అని వచ్చినవి. తెలుగు పశుధ్వనులయందు సంపన్నమైన భాష. ఎద్దునకు రంకె యుండగ సామాన్యధ్వనిని చెప్పుటకు అనువాదకునకు మనసొప్పలేదు. జాతీయత నిలిచినది, ‘కోల్’ తెగినది. ఐనను ‘వినబడుచున్న’ అను విశేషణము ఆ తెగిన దారమును కొంత పట్టి యుంచినది.

అసలు నష్టము బలులకంటె విధేయత మేలనెడి ప్రసిద్ధవాక్యమున జరిగినది. మూలమున ఆ వాక్యపు మొదటి సగమునందు ఉన్నది ‘షామా’; అనువాదమున అది ‘ఆజ్ఞను గైకొనుట’ యైనది. ‘మాట వినుట’ యను పలుకుబడి రెండవ సగమునందలి వేరొక క్రియకు, చెవి యొగ్గుటకు, పోయినది. అర్థమున దోషము లేదు. కాని తెలుగున విధేయతకు గల పలుకుబళ్లు ఒక్కొక్కటి ఒక్కొక్క అవయవమున పుట్టినవి. మాట వినుట చెవిది, గైకొనుట చేతిది, తలదాల్చుట తలది, లోబడుట యనగా మొత్తము మనిషియే మరియొకని అధీనమున పడుట. మూలకర్త చెవిదగ్గర నిలిపిన దానిని అనువాదము శిఖరవాక్యమున చేతికి మార్చినది. సౌలు దోషము చేతిదే యైనచో, మిగిలిన పశువులను కూడ చంపినయెడల తీరిపోయి యుండెడిది. దోషము చెవిది గనుకనే తీరలేదు.

‘లోబడుట’ను గూర్చి మరియొక మాట. క్రొత్తనిబంధనలో రోమీయులకు వ్రాసిన లేఖ 13వ అధ్యాయమున పై అధికారులను గూర్చి చెప్పినచోట గ్రీకు క్రియ ‘హుపొతస్సొ’. దాని కర్థము వరుసలో క్రింద నిలుచుట. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయమున మనుష్యులకంటె దైవమునకే కట్టుబడవలెనని పేతురు ప్రభృతులు న్యాయసభ యెదుట చెప్పినచోట క్రియ ‘పెయిథర్ఖెఒ’. దాని కర్థము అధికారియైనవాని మాటను చెల్లించుట. తెలుగున రెండుచోట్లను ‘లోబడు’ ధాతువే కలదు. ఒకటి సమాజమున తన స్థానమును గుర్తించుట, రెండవది అంతిమముగ ఎవరి మాట చెల్లవలెనో నిర్ణయించుట. ఈ రెండును ఒకే పదమున కలిసినప్పుడు తెలుగు పాఠకునకు అవి పరస్పరవిరుద్ధములుగ తోచును. వినుటకును లొంగుటకును గల భేదమును మన భాష ఎరుగును గాని మన అనువాదము అంతటను పాటింపలేదు.

5. ఒల్లకుండుట

సౌలు కథలో ‘వినుట’ యను శృంఖలకు ప్రక్కనే మరియొక శృంఖల సాగుచున్నది. దీనిని మార్గదర్శకపదముగ ఎన్నుట అరుదు. అది ‘లో ఆవా’ యను క్రియ. ‘ఒల్లడు’, ‘ఇష్టపడలేదు’ అని దాని కర్థము. ఇది నాలుగుచోట్ల కనబడుచున్నది.

మొదటిది 15వ అధ్యాయమున. సౌలును జనులును మేలైన పశువులను నాశనము చేయ నొల్లకపోయిరి. ఇది దూషితమైన ఒల్లమి.

రెండవది 22వ అధ్యాయమున. పారిపోవుచున్న దావీదునకు రొట్టెయు ఖడ్గమును ఇచ్చెనన్న నెపమున సౌలు నోబు పట్టణపు యాజకుడగు అహీమెలెకును పిలిపించెను. దావీదుకంటె రాజునకు నమ్మకమైన సేవకుడెవడని అహీమెలెకు నిర్భయముగ బదులు పలికెను. యాజకులను చంపుడని రాజు తన కావలిభటుల కాజ్ఞాపించెను. వారు చేయి చాప నొల్లకపోయిరి. అప్పుడు ఎదోమీయుడగు దోయేగు ఆ పని చేసెను. ఒక్కదినమున 85 మంది యాజకులు హతులైరి. భటులను కథకుడు నిందింపలేదు, వారికి శిక్ష పడినట్లును చెప్పలేదు. రాజాజ్ఞను అక్షరశః నెరవేర్చిన ఏకైక వ్యక్తి దోయేగు. విధేయత ఏ షరతు లేని సుగుణమే యైనచో, ఈ ఘట్టమున దోయేగు ఆదర్శపురుషుడు కావలెను. అట్లు చదువగలవాడు ఉండడు.

మూడవది 26వ అధ్యాయమున. నిద్రించుచున్న సౌలును చంపుటకు అవకాశము దొరికియు, తాను చేయి చాప నొల్లకపోతినని దావీదు చెప్పుచున్నాడు. భటులను గూర్చి చెప్పిన చేయి చాపుట యను పలుకుబడియే ఇటను ఉన్నది. విధేయతా ప్రసంగములకు ప్రాణమైన ఘట్టమిది. ఐతే దావీదు చేసినది విధేయత కాదు. సౌలు అతనికి ఏ ఆజ్ఞయు ఇయ్యలేదు; సౌలు సముఖమునుండి అతడు పారిపోయినవాడు. తోడి వీరుడు చంపెదనన్నను అతడు హింసకు ఒప్పుకొనలేదు, అంతియే. నిరాయుధులైన యాజకులపై భటులు చేయి చాపకుండుటయు, నిద్రించుచున్న రాజుపై దావీదు చేయి చాపకుండుటయు ఒకే జాతి నిరాకరణములు. ఒకదానిని మాత్రము గైకొని రెండవదానిని విడుచుట, సౌలు మేలైన పశువులను ఏరుకొన్నట్టి పఠనము.

నాలుగవది 31వ అధ్యాయమున. గిల్బోవ పర్వతమున గాయపడిన సౌలు తన్ను పొడిచి చంపుమని ఆయుధవాహకుని ఆజ్ఞాపించెను. అతడు మిక్కిలి భయపడి ఒల్లకపోయెను. సౌలు తన కత్తిమీద తానే పడెను. రాజుగ అతడిచ్చిన కడపటి ఆజ్ఞ చెల్లలేదు. ఆయుధవాహకుడు రాజును విడిచి పోనూలేదు. అతనితోకూడ తన కత్తిమీద పడి మరణించెను. నిరాకరణమును ప్రేమయు ఒకే హృదయమున నుండగలవని చూపుట కింతకంటె క్లుప్తమైన చిత్రము దుర్లభము.

ఈ నాలుగింటికి తోడు 14వ అధ్యాయమును చూడవలెను. సాయంకాలమువరకు ఎవడును తినరాదని సౌలు సైన్యమున ఒట్టు పెట్టించెను. ఆ మాటను విననివాడగు యోనాతాను అడవిలో తేనె రుచి చూచెను. ఇటను ‘షామా’యే వాడబడినది, అక్షరార్థమున. తండ్రి అతనికి మరణమును విధింపగ, జనులు అడ్డుపడి యోనాతానును విడిపించిరి. కథకుని సానుభూతి ఎవరివైపున నున్నదో చెప్ప నక్కరలేదు.

మన ప్రహ్లాదచరిత్రము ఈ సందర్భమున సహజముగ స్మరణకు వచ్చును. పోతన భాగవతమున సప్తమస్కంధమునందలి ఆ బాలుడు తండ్రి మాట విననివాడు. కాని తొమ్మిది విధములైన భక్తిలో శ్రవణమును మొదట నిలిపి చెప్పినవాడును అతడే. అవిధేయునిగ కనబడువాడు వాస్తవముగ వినువాడు, శాసించువాడు చెవిటివాడు అనునది రెండు కథలకును సామాన్యమైన తత్త్వము. ఐతే భేదము ముఖ్యమైనది. హిరణ్యకశిపుడు ఆ స్వరమునకు బద్ధశత్రువు. సౌలు దాని మూలముననే రాజైనవాడు. కావుననే భాగవతకథ విజయముగ ముగిసినది, సౌలు కథ విషాదముగ ముగిసినది.

6. మిగిలిపోవు చిక్కు

ఇంతవరకు మేము ఆజ్ఞ యెట్టిదో విచారింపలేదు. పురుషులను, స్త్రీలను, బాలురను, చంటిబిడ్డలను, పశువులను కూడ చంపుమన్న ఆజ్ఞ అది. సౌలు దయచే విడిచిపెట్టలేదు. మేలైన పశువులకొరకు విడిచిపెట్టెను. పసిబిడ్డలపై జాలి చూపినట్లు ఎక్కడను లేదు. ఐనను, ఆ ఆజ్ఞను చదివి కలత చెందని పాఠకుడు కథను చదివినట్లు కాదు. బూబరు తన ఆత్మకథాశకలములలో దీనిని ప్రస్తావించెను. బాల్యమునుండియు ఈ ఘట్టము తన్ను బాధించినదనియు, సమూయేలు దైవమును తప్పుగ అర్థము చేసికొనెనని తన నమ్మకమనియు అతడు ఒక ఆచారపరునితో సంభాషించుచు చెప్పెను. గ్రంథమును జీవితాంతము సేవించినవాడే ఇట్లు పలుకవలసివచ్చెను.

ఈ చిక్కును విమర్శ విప్పజాలదు. దాచుట మాత్రము తగదు. కాని గ్రంథమే దీనికి ఒక ప్రతిధ్వనిని అమర్చినదని చూపవచ్చును. నోబు యాజకుల వధానంతరము దోయేగు ఖడ్గమునకు గురియైనవారి పట్టిక 22వ అధ్యాయమున కలదు: పురుషులు, స్త్రీలు, బాలురు, చంటిబిడ్డలు, ఎడ్లు, గాడిదలు, గొఱ్ఱెలు. ఇది దాదాపు అమాలేకును గూర్చిన పట్టికయే; ఒంటెలు మాత్రము లేవు. శత్రువుపై దైవాజ్ఞను సగము చెల్లించిన రాజు, తన స్వజనుల యాజకనగరముపై తన ఆజ్ఞను పూర్తిగ చెల్లించెను. ఒకప్పుడు జనులకు భయపడితినన్నవాడు ఇప్పుడు భటులు ఒల్లకపోయినను ఆగలేదు. మొదటి పట్టికను చదివి స్థిమితముగ నున్నవానికైనను రెండవ పట్టిక గుండె చెదరజేయును. అప్పుడు మొదటిదానిని మరల చదువవలసి వచ్చును. గ్రంథకర్త ఉద్దేశించి చేసెనో లేదో నిరూపింపజాలము. పాఠకునిపై దాని ఫలము మాత్రము నిస్సందేహము. 15వ అధ్యాయముననే సమూయేలు రాత్రియంతయు మొఱపెట్టుటయు, అధ్యాయాంతమున సౌలు కొరకు దుఃఖించుటయు చెప్పబడినవి. ఆజ్ఞను చేరవేసినవాడు ఆనందించినవాడు కాడు.

7. ఫలము: నిశ్శబ్దము

అవిధేయతకు శిక్ష రాజ్యనష్టమని సామాన్యముగ చెప్పుదురు. కాని 15వ అధ్యాయమున రాజ్యము పోయినదని ప్రకటింపబడిన పిమ్మట సౌలు ఇంకను పదునారు అధ్యాయములపాటు సింహాసనమున నున్నాడు. సైన్యము కలదు, భటులు కలరు. అతడు వెంటనే పోగొట్టుకొన్నది వేరొకటి. ఆ అధ్యాయాంతమున సమూయేలు రామాకును, సౌలు గిబియాకును పోయిరి. మరణదినమువరకు సమూయేలు సౌలును మరల చూడబోలేదు. మాట చెప్పువాడు వెడలిపోయెను.

28వ అధ్యాయమునకు వచ్చునప్పటికి సమూయేలు మృతుడైనాడు. ఫిలిష్తీయుల దండును చూచి సౌలు వణకెను. దైవమును విచారించెను, స్వప్నములచే గాని, ఊరీముచే గాని, ప్రవక్తలచే గాని బదులు రాలేదు. 8వ అధ్యాయమున ప్రజలకు చేసిన హెచ్చరిక రాజునందే ఫలించినది. అప్పుడు సౌలు మారువేషమున, రాత్రివేళ, ఏన్దోరునందలి కర్ణపిశాచము గల స్త్రీకడకు పోయెను. అట్టివారిని దేశమునుండి వెడలగొట్టినది తానే. తన ఆజ్ఞను తానే అతిక్రమించి, చనిపోయినవాని స్వరమునైనను వినగోరెను.  అతడు వినలేదని ఆ స్వరము చెప్పినది.

దినమంతయు రాత్రియంతయు తినక నేలకూలిన రాజునకు ఆ స్త్రీ చెప్పిన మాట ఈ శృంఖలకు చివరి కొలికి. తాను ప్రాణమునకు తెగించి అతని స్వరమును వింటిననియు, ఇప్పుడు అతడు తన స్వరమును వినవలెననియు ఆమె వేడినది. సౌలు మొదట నిరాకరించి, తుదకు వినెను. ఆమె క్రొవ్విన దూడను వధించి, పులియని రొట్టె కాల్చి పెట్టినది. అతడు తిని లేచి ఆ రాత్రియే వెడలిపోయెను. ఈ గ్రంథమున సౌలు ఇతరుల మాట వినినట్లు చెప్పిన కడపటి సందర్భమిది. ప్రవక్త మాట వినని రాజు, తాను నిషేధించిన స్త్రీ మాటను, ఆకలిగొన్నవానికి అన్నము పెట్టు దయగల మాటను విని మరణమునకు పోయెను. అతనియందు చెవి పూర్తిగ చావలేదని కథకుడు ఈ ఒక్క దృశ్యముచే తెలిపెను. విషాదమునకు ఇంతకంటె ఏమి కావలెను?

దావీదు దోషము సౌలు దోషముకంటె తక్కువది కాదు. ఊరియా భార్యను కోరి, ఊరియాను యుద్ధమున చంపించుటకు అతనిచేతనే లేఖ పంపినవాడు దావీదు. ఆ లేఖను చదివి, ప్రశ్నింపక చెల్లించినవాడు సేనాపతియగు యోవాబు. అందు విధేయతయే హత్యకు సాధనమైనది. ఐనను నాతాను ప్రవక్త నిలదీసినప్పుడు దావీదు ఒప్పుకోలు హీబ్రూలో రెండే పదములు. జనుల ప్రస్తావన లేదు, పెద్దలయెదుట గౌరవింపుమను వేడికోలు లేదు. శిక్ష అతనికిని తప్పలేదు; అతని యింట కత్తి తొలగలేదు. భేదమంతయు చెప్పినమాట చెవికెక్కుటలోనే యున్నది.

ఉపసంహారము

సౌలు కథయందు శిక్ష పొందిన అవిధేయుడు రాజే గాని ప్రజ కాదు, భటుడు కాదు, కుమారుడు కాదు. అధికారమునకు విధేయత యను సూత్రమును ఈ కథనుండి తీయదలచినవారు మొదట అధికారమే యెవరికి విధేయమై యుండవలెనని అడుగవలసియున్నది. రాజు వినవలసిన స్వరమొకటి కలదనియు, దానిని విననినాడు అతని ఆజ్ఞను ఒల్లకుండుటకు భటునకైనను చోటు కలదనియు గ్రంథము సాక్ష్యమిచ్చుచున్నది. అదే సమయమున, ఒల్లకుండుట స్వలాభమునకైనచో అది సౌలు ఒల్లమియే యగును. అన్యుని ప్రాణమునకై యైనచో భటుల ఒల్లమి యగును. ఈ వివేకమును ఏ ఆజ్ఞయు మనకు బదులుగ చేయజాలదు.

కథలలోని సూక్తులను కథనుండి విడదీసి నీతులుగ చెలామణి చేయుట అన్ని భాషలలోను కలదు. బలులకంటె విధేయత మేలను సూక్తియు అట్లే విడివడినది. దానిని మరల దాని కథలో నిలిపి చదివినచో, పలికినవాడు ప్రవక్త యనియు, వినవలసివచ్చినవాడు సింహాసనస్థుడనియు, వెనుక గొఱ్ఱెలు అరచుచుండెననియు తెలియవచ్చును. ఆ అరుపును పాఠకునకు మరల వినిపించుటయే మా వ్యాసము యొక్క ప్రయోజనము.